నాయన ఒప్పుకున్న ఒక్క నియమం

కోపం చల్లారాక రాస్తే రాత కుదురుగా వస్తుందని మావాళ్లు అంటారు. అది చల్లారేదాకా ఆగితే నేనే చల్లారిపోయేటట్టున్నాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. పోయిన నెల ఆళ్లగడ్డలో రాతిపని కొట్టాలున్న వాళ్లందరినీ ఒక మీటింగుకు పిలిచారు. నాయన పోయాక మా కొట్టం నా పేరు మీదికి వచ్చింది. ఇద్దరు శిల్పులు దాన్ని బాడుగకు తీసుకుని పని చేసుకుంటున్నారు. అందుకని నన్నూ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక కుర్ర అధికారి గోడ మీద ఊరి పటం చూపించి, ఊళ్లో దుమ్ము లేపే మిషన్లన్నీ ఇక్కడికి మారుస్తున్నాం అంటూ పటం అంచున వేలు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, మిషన్లకు నీళ్లు చిమ్మే ఏర్పాటు చేస్తారా, పనివాళ్ల ముక్కుకూ మూతికీ అడ్డం ఏమైనా ఇస్తారా అని అడిగాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా నవ్వాడు. "ముందు ఇదొక్కటి కానివ్వండి మేడమ్, మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత నేను ఏమేమి అరిచానో నాకే పూర్తిగా గుర్తులేదు. కుర్చీ వెనక్కి పడింది, పక్కనున్నాయన నీళ్ల సీసా అందించాడు, ఎవరో బీపీ అన్నారు. బీపీ కాదు. ఆ మాట అదే ఊళ్లో, ఇరవై రెండేళ్ల వయసులో, మా నాయన నోట విన్నాను. ఆనాడు అరవలేదు సరికదా, సంబరపడి ఎగిరాను.

మా ఇల్లూ కొట్టమూ ఒకే ఆవరణ. పడమర వైపు వంటిల్లు, రెండు గదులు. వాటి ముందు నాపరాళ్లు పరిచిన వాకిలి. వాకిలి దాటగానే బోదగడ్డి కప్పిన కొట్టం. దాని వెనక కొంత ఖాళీ జాగా, ఆ తర్వాత తూర్పు గోడ. పొద్దున మేం లేచేసరికి అన్న కొలిమి ముందు కూర్చుని ఉలులకు పదును పెడుతుండేవాడు. కాలిన ఇనుము నీళ్లలో ముంచినప్పుడు చుయ్యిమని వచ్చే ఆవిరి వాసన, దాని వెంట అమ్మ కాల్చే జొన్నరొట్టె వాసన, ఈ రెండూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. అమ్మ పొద్దున చేసే మొదటి పని రాత్రి తోమి బోర్లించిన గిన్నెల్నే మళ్లీ కడగడం. రాతిపొడి పడని గిన్నె మా ఇంట్లో ఉండేది కాదు. మజ్జిగ కుండ మీద తడిగుడ్డ, దాని మీద పళ్లెం, పళ్లెం మీద రాయి. అయినా చివరి గుక్కలో పళ్ల కింద కరకర. "రాయి తిని రాయి తాగి బతుకుతాండాం" అని అమ్మ గొణిగేది. నాయన వినపడనట్టు టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. మాటలు తక్కువ మనిషి. కొత్త రాయి వస్తే చుట్టూ తిరుగుతూ సుత్తితో తట్టి చెవి ఆనించి వినేవాడు. మమ్మల్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ విన్నట్టు గుర్తులేదు.

మా ఇంట్లో ఒక గుడ్డ ఉండేది. పసుపు నీళ్లలో ముంచి ఆరేసిన మూరెడు నూలుగుడ్డ. విగ్రహం పని అంతా అయి, ఇక కళ్లు తెరిచే పనే మిగిలినప్పుడు నాయన స్నానం చేసి, ఆ గుడ్డను ముక్కుకూ మూతికీ బిగించి కట్టుకుని, సన్న ఉలి పట్టుకునేవాడు. కన్ను తెరుచుకుంటున్న స్వామికి మనిషి ఊపిరి తగలకూడదు. పనయ్యాక గుడ్డను ఉతికి, మడిచి, ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. అంటే నెలల తరబడి రాయి కొట్టి, చెక్కి, అరగదీసినన్నాళ్లూ ఆ పొడంతా మా వాళ్ల ఊపిరితిత్తుల్లోకే. పొడి దాదాపు రాని చివరి రోజున మాత్రం మూతికి గుడ్డ, అదీ దేవుడి కోసం. చిన్నప్పుడు ఆ ముడి బిగించే తీరు చూసి నాకు ఒళ్లు పులకరించేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అన్న పేరు బ్రహ్మయ్య. నాకంటే ఐదేళ్లు పెద్ద. పని చేస్తున్నంతసేపూ ఈల వేసేవాడు, ఉలి దెబ్బకు ఈల తాళం వేసినట్టుండేది. డిగ్రీ పాసైన నన్ను "కలెక్టరమ్మా" అని పిలిచి, టీ తెమ్మని ఆర్డరు వేసేవాడు. రాయి కోసి అరగదీసే కరెంటు మిషను మా కొట్టంలోకి వచ్చింది అన్న పట్టుదలతోనే. వారం పట్టే పని ఒక్క పూటలో తెములుతుందని అన్న, చెయ్యి చేసే పని చెయ్యే చెయ్యాలని నాయన, నెల రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. చివరికి మిషనే గెలిచింది. ఉలి నుంచి రాలే పొడి బరువుగా ఉంటుంది, కాళ్ల దగ్గరే పడుతుంది. మిషను లేపే పొడి అట్లా కాదు. పొగలాగా లేచి గాల్లో నిలబడేది, సాయంత్రం ఎండలో వాకిలంతా తెల్లగా తేలేది. అన్న కనురెప్పలు కూడా తెల్లబడేవి. ఈల ఆగి, ఉమ్మి, మళ్లీ మొదలయ్యేది.

ఆ రోజుల్లోనే నేను నంద్యాలకు కంప్యూటరు కోర్సుకు పోయేదాన్ని. పొద్దున ఎర్రబస్సు ఎక్కితే సిరివెళ్ల మీదుగా పోయి నంద్యాల బస్టాండులో దింపేది. బస్టాండుకు దగ్గర్లోనే, చెప్పుల అంగడి మీద మేడ గదిలో ఖాజా అన్న సెంటరు. ఆయన అంతకుముందు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు, పాత కంప్యూటర్లు నాలుగు తెచ్చి బోర్డు పెట్టాడు. లోపలికి పోవాలంటే చెప్పులు బయట విడవాలి, కాళ్లు కడుక్కోవాలి. కంప్యూటరుకు దుమ్ము పడదని ఒక్కొక్కదానికీ పూలపూల గుడ్డతో తొడుగు కుట్టించాడు. యంత్రానికి దుమ్ము పడదని నంద్యాలలో తొడుగులు కుడుతున్నారు, ఆళ్లగడ్డలో మా అన్నకు ఏ తొడుగూ లేదు. ఈ ముక్క ఆనాడే తోచింది నాకు. తోచి ఊరుకున్నాను.

మధ్యాహ్నం కోర్సు అయ్యాక బస్సుకు గంటన్నర టైముండేది. అప్పుడు ఖాజా అన్న ఒక ఆట పెట్టిచ్చాడు. ఊరు కట్టే ఆట. ఖాళీ నేల ఇస్తారు, నువ్వే మేయరు. రోడ్లు వేసి, ఇండ్లకు ఒక చోటు, అంగళ్లకు ఒక చోటు, ఫ్యాక్టరీలకు ఒక చోటు చూపిస్తే జనం వాళ్లంతట వాళ్లే వచ్చి చేరతారు. ఒక బటను నొక్కితే ఊరి పటం రంగు మారి పొగ ఎక్కడ ఎంత ఉందో గోధుమరంగు మరకల్లో కనబడేది. ఆ మరకలు మొదటిసారి చూసినప్పుడు నాకు మా వాకిలే కనిపించింది. ఫ్యాక్టరీలున్న వీధికి ఆళ్లగడ్డ అని పేరు పెట్టాను.

ఆ ఆటలో నియమాల పుట ఒకటుండేది. ఫ్యాక్టరీలు పొగ వడకట్టాలని ఒకటి, నీళ్లు శుభ్రం చేసి వదలాలని ఒకటి, చెత్త వేరుచేయాలని ఒకటి. ఒక్కో నియమం పక్కన చిన్న గడి. దాంట్లో టిక్కు పెడితే ఊళ్లో అది చట్టం. మొదటి రోజు నేను ఆవేశంగా అన్నింటికీ ఒకేసారి టిక్కులు పెట్టేశాను. ఫ్యాక్టరీలు ఒక్కటొక్కటే మూతపడ్డాయి, జనం మూటలు కట్టుకుని వెళ్లిపోయారు, ఊరు పాడుపడింది. రెండోసారి నిదానంగా పోయాను. పొగ వడకట్టే నియమం ఒక్కటే పెట్టి, ఫ్యాక్టరీలు దానికి అలవాటుపడేదాకా ఆగి, తర్వాతే రెండోది. మరక తగ్గుతోంది గానీ నత్తనడక. వారం రోజులు ఆడినా గోధుమరంగు కాస్త పలచబడిందంతే. ఆ ఊరు బాగుపడుతున్న ఊరు. ఆ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేనే దాన్ని వదిలేశాను.

"ఏందీ చెల్లీ, పొద్దస్తమానం ఆ పొగతోనే పెట్టుకున్యావ్?" అన్నాడు ఖాజా అన్న ఒకనాడు నా వెనక నిలబడి. "ఫ్యాక్టరీలన్నీ ఎత్తి ఆ చివర్న పెట్టు. పటం అంచుకు ఆనిచ్చి పెడితే సగం పొగ బయటికి పోతాది. బయటికి పోయింది లెక్కలోకి రాదు."

"బయట ఎవురుంటారన్నా?" అని అడిగాను.

"బయట ఏముంటాది? ఆట ఆడికే అయిపాయె."

అడిగాను, విన్నారా. అడగాల్సిన ప్రశ్న ఆనాడే అడిగాను, జవాబు నచ్చి నోరు మూసుకున్నాను. ఫ్యాక్టరీలన్నీ అంచుకు మార్చాను. రెండే రోజుల్లో పటం తెల్లగా కడిగినట్టయింది. జనం మేయరు విగ్రహం పెడతామన్నారు. తొందరగా పండిందని కాయను మెచ్చుకున్నట్టు నన్ను నేనే మెచ్చుకుని, ఆ సాయంత్రం బస్సులో ఒడిలో నోటుబుక్కు పెట్టుకుని మా ఆవరణ పటం గీశాను.

మరునాడు అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్న నాయన ముందు ఆ కాగితం పరిచాను. కింద మూడు నియమాలు రాశాను, ఆటలో మాదిరే గడులు గీసి. ఒకటి, మిషను నడిచేటప్పుడు రాయి మీద నీళ్లు పడుతుండాలి. రెండు, మిషను పట్టినవాడు మూతికి గుడ్డ కట్టుకోవాలి. మూడు, మిషను వాకిలి పక్కనుంచి తీసి తూర్పు గోడకు ఆనించి పెట్టాలి. అన్న నవ్వు ఆపుకుంటూ, "కలెక్టరమ్మ జీవో తెచ్చింది నాయనా, ఇను" అన్నాడు.

నాయన మొదటిదాని మీద వేలు పెట్టాడు. "రాయి మింద నీళ్లు పోస్తే నేను గీసిన గీత పోతాది. గీత పోతే స్వామి ముక్కు యాడ, చెవి యాడ? కరెంటు మిషనుకు నీళ్లు తగిల్తే మనిషే పోతాడు." అందులో నిజముంది. నీళ్లకు చెరగని రంగు వెతకవచ్చు, కరెంటు పని తెలిసినవాణ్ని అడగవచ్చు, కానీ నాకు అంతదూరం ఆలోచన పోలేదు. రెండోదాని దగ్గర ఆయన ముఖం మారింది. "ఆ గుడ్డ స్వామి కన్ను తెరిచేటప్పుడు కట్టేది."

"ఆ గుడ్డే కాదు నాయనా, ఏ పాత పంచె ముక్కయినా..."

"ఏ గుడ్డయినా అంతే. కన్ను తెరవకముందు అది రాయి. రాయికి మూతి గట్టుకుంటే రాయినే స్వామి అన్నట్ల. పని సగంలో అట్ల చేసినోడి విగ్రహం పగిలిపోతాది. మా నాయన గట్టుకోలేదు, నేను గట్టుకోలేదు."

మా తాత దగ్గుతో పోయాడని అమ్మ లోపలి నుంచి అంది. నాయన వినలేదు. మూడోదాని మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది బాగుంది పాపా. వంటింట్లోకి దుమ్ము రాదు. ముందు ఇదొకటి కానీ. కడమవి తర్వాత జూద్దాం."

మూడింట్లో ఒకటి ఒప్పుకున్నాడు! మా నాయన, ఆడపిల్ల మాట ఒప్పుకున్నాడు! అమ్మను పట్టుకుని వాకిట్లో గిర్రున తిరిగాను. అన్న మాత్రం కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిషను ఆడికి పోతే దుమ్ము ఆడికి పోతాది. మిషనెంబడి పోయేది నేను గదా పాపా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

తూర్పు గోడకు ఆనించి కొత్త కొట్టం వేశారు. ఇంటివైపు దుమ్ము రాకూడదని మూడు పక్కలా రేకులు కొట్టారు, పైన రేకే. ఒక మనిషి దూరే సందు, గోడ పైన జానెడు ఖాళీ. ఆ పెట్టెలో అన్న. మా ఇల్లు ఎంత శుభ్రపడిందంటే అమ్మ తనకున్న ఒకే ఒక్క మంచి దుప్పటి తీసి మంచం మీద పరిచింది. మజ్జిగ కుండ మీది రాయి వాకిట్లోకి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ అమ్మ, మా పాప కంప్యూటరు చదువు అని నన్ను చూపించేది. నేను ఆ కాగితాన్ని గోడకు అంటించుకున్నాను.

ఆషాఢం రాగానే పడమటి గాలి మొదలైంది. గోడ అవతల హుసేనమ్మ ఇల్లు. ఆమె భర్త పాతచీరలతో బొంతలు కుట్టేవాడు, ఆమె చేత్తో సేమ్యాలు చేసి మంచం మీద ఆరేసి అమ్మేది. మేం వాళ్ల ఇంట్లో వండింది తినేవాళ్లం కాదని తెలిసి, రంజానుకు పచ్చి సేమ్యాలు పొట్లం కట్టి పంపేది, మీరే వండుకోండమ్మా అని. అంత మర్యాద గల మనిషి ఆ రోజు చేతిలో సేమ్యాల గుత్తి పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"ఆచారన్నా, నీ మిషను మా ఇంట్లో పెట్టినావా ఏందీ? ఇయ్యి జూడు. నోట్లో ఏసుకుంటే కరకరమంటాండాయి. ఎవురు కొంటారు?"

"గాలికి నేనేం జేసేదమ్మా? నేను రమ్మంటినా గాలిని?" అన్నాడు నాయన.

"మొన్నటిదాంకా మీ ఇంట్లోకి వచ్చింటే అది దుమ్ము. ఇప్పుడు మా ఇంట్లోకి వస్తే గాలి."

నేను లోపల, గోడకంటించిన కాగితం పక్కనే నిలబడి ఉన్నాను. నా పటంలో తూర్పు గోడ గీత దగ్గర అంతా అయిపోయింది. గీత అవతల తెల్ల కాగితం. ఆటకు బయట మనుషులున్నట్టు తెలియదు, పోనీ. నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి ఆ గోడ మీదుగా ఆమెతో మాట్లాడినదాన్ని, ఆమె ఇల్లు గీయకుండా వదిలేశాను. ఆ రంజానుకు సేమ్యాలు రాలేదు. అమ్మ రెండుసార్లు గోడవైపు చూసి ఊరుకుంది.

ఈల మొదట పోయింది. రేకుల కొట్టంలోంచి మిషను మోత తప్ప ఇంకేమీ వినిపించేది కాదు కాబట్టి, అన్న ఈల వేయడం మానేశాడని నాకు చాలా నెలలకు గానీ తెలియలేదు. తర్వాత దగ్గు. అన్నకు చూసుకున్న సంబంధం ఆ దగ్గు విని వెనక్కి పోయింది. నంద్యాలలో ఒక డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి క్షయ అన్నాడు, నెలల తరబడి మాత్రలు మింగించాడు. తగ్గలేదంటే మళ్లీ మొదటి నుంచి మింగించాడు. నువ్వేం పని చేస్తావు నాయనా అని ఒక్కసారి అడగలేదు. ఆ మాట అడిగింది కర్నూలులో ఒక డాక్టరమ్మ. అన్న చేతులు తిప్పి చూసి అడిగింది. జవాబు విని, "రాతిపొడి లోపల గూడు కట్టింది. ఇది వెనక్కి పోదు" అంది. మూతికి తడిగుడ్డ కట్టుకుని ఉన్నా కొంత మేలు జరిగేదా అని నేను అడిగాను. ఆమె నన్ను చూసి, "పొడి లేవకుండా నీళ్లు పోసి, దాంతోపాటు మూతికి సరైన అడ్డం ఉంటే మేలే జరిగేదమ్మా" అంది. వదిలేసిన రెండు గడులూ వరసగా చదివినట్టే అంది.

అప్పటికి ఖాజా అన్న సెంటరు మూసేశాడు, ఆట సంగతి అందరూ మరిచిపోయారు. నాకు మాత్రం ఆ రెండోసారి కట్టిన ఊరు కళ్లలో ఉంది. నత్తనడకన బాగుపడుతున్న ఊరు. దాన్ని నడిపే ఓపిక లేకపోయింది నాకు. ఆటను తిడదామంటే నోరు రాదు. వడకట్టే నియమం కూడా అదే పుటలో పెట్టింది ఆట. అంచు దొంగదారి అందులో ఉన్నా, దాన్ని ఇంటికి మోసుకొచ్చింది నేను. తల్లిదండ్రులు మెచ్చుకున్నారని మురిసింది నేను. నాయన మీద కోపం లేదని కాదు, చచ్చేంత ఉంది. కానీ ఆయన రెండు నియమాలు కొట్టేసినప్పుడు, మూడోది కూడా వద్దు, ఉంటే మూడూ ఉండాలి అని కాగితం వెనక్కి లాక్కోవలసింది నేను కదా.

అన్న చివరి విగ్రహం నరసింహస్వామి. మంచంలోంచి లేచి, గంట పనిచేసి, మూడు గంటలు పడుకుని, అట్లా ఏడాది చెక్కాడు. కళ్లు తెరిచే రోజు నాయన ట్రంకుపెట్టెలోంచి పసుపు గుడ్డ తీసి తనే అన్న మూతికి కట్టాడు. అన్న రెండు ఊపిర్లు లాగాడు, మూడోది అందలేదు. గుడ్డ కిందికి లాగేసి, "నాయనా, ఇది గట్టుకుంటే ఊపిరాడదు. ఇట్లనే తెరుస్తా" అన్నాడు. ఇన్నేళ్లూ కట్టనివ్వని గుడ్డ, కట్టినా మోయలేని రొమ్ము మీద వేలాడుతోంది. అన్న వట్టి మూతితో ఎడమ కన్ను తెరిచాడు, కుడి కన్ను తెరిచాడు, సుత్తి కింద పెట్టేలోగా దగ్గు తెర ముంచుకొచ్చింది. స్వామి ముఖం మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

నాయన గబగబా అన్న మెడలోని గుడ్డ విప్పాడు. విప్పి, స్వామి ముఖం తుడిచాడు. ముందు స్వామి ముఖం తుడిచాడు. నేను ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని అన్న మూతి తుడిచాను.

అన్న పోయిన తర్వాత ఒకనాడు గోడ దగ్గర నిలబడి హుసేనమ్మను పిలిచాను. మిషను ఈ గోడకు ఆనించమని పటం గీసి ఇచ్చింది నేనే అని చెప్పాను. ఆమె బొంతకు సూది గుచ్చుతూనే, "తెలుసు లేమ్మా. ఆ పొద్దు నువ్వు మీ నాయనకు కాగితం జూపిస్తా ఈ పక్కకే చెయ్యి ఎత్తితివి. నేను ఈడనే ఉంటి" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాకిప్పుడు యాభై దాటింది. మీటింగు రోజు ఆ పసుపు గుడ్డ నా సంచిలో ఉంది. మరక నల్లబడింది, పసుపు పోలేదు. కుర్చీ లేపి మళ్లీ నిలబెట్టాక, దాన్ని తీసి ఆ అబ్బాయి బల్ల మీద, పటం అంచు దగ్గర పెట్టాను. ఇదేంటి మేడమ్ అన్నాడు. "రెండో నియమం" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మిషన్ల మార్పుకు ఒప్పుకుంటున్నట్టు అందరూ సంతకాలు పెట్టిన కాగితం నా ముందుకు జరిపాడు. ముందు అంచు అవతల ఉన్న ఇళ్లు గీసుకుని రా అని దాన్ని వెనక్కి తోశాను.